మోకాళ్ల నొప్పుల పొట్లం ఆపేశాక అమ్మ మంచం దిగట్లేదు, ఒంట్లో ఏం జరుగుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మగారికి 58 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఇచ్చే పొట్లాలు మూడేళ్లు వాడారు. ముఖం ఉబ్బింది, షుగరు, బీపీ వచ్చాయి, వాటికీ బిళ్లలు మొదలయ్యాయి. ఆ పొట్లంలో ఉన్నది స్టెరాయిడ్ అని ఎవరో చెబితే మీరు పది రోజుల కిందట మొత్తంగా మాన్పించారు. అప్పటినుంచి ఆమె లేవలేకపోతున్నారు, వికారం, వాంతులు, ఒళ్లంతా నొప్పులు, నిన్న బీపీ 90/60. "విషం దిగుతోంది, కొన్నాళ్లు ఓర్చుకోవాలి" అని తెలిసినవాళ్లు అంటున్నారు, నిజమేనా అని అడిగారు.

కాదండి. ఇది విషం దిగడం కాదు. ఆమె ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ అడుగంటింది, పొట్లంలోని స్టెరాయిడ్ ఇన్నాళ్లూ దాని బదులు పనిచేసిన మందు. ఓర్చుకుంటూ కూర్చునే పరిస్థితి కాదు, ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెలైన్ పెట్టి, నరానికి ఇంజెక్షన్ చేయగలిగిన చోటికి. అక్కడి డాక్టరుకి ముందుగా ఒకే ఒక్క మాట చెప్పండి: "మూడేళ్లు స్టెరాయిడ్ లాంటి బిళ్లలు వాడింది, పది రోజుల కిందట ఒక్కసారిగా ఆపేశాం." ఆ మాట వింటే డాక్టరు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోన్ (మందు రూపంలోని కార్టిసాల్) ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు. చెప్పకపోతే గ్యాస్ట్రిక్ అనుకుని, నీరసం అనుకుని ఒక బాటిల్ ఎక్కించి పంపేయవచ్చు. అలా పంపించగా రెండో రోజు సాయంత్రానికి స్పృహ తప్పి నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఇప్పుడే షుగరు చూడండి. స్టెరాయిడ్ వల్ల పెరిగిన షుగరుకి ఇచ్చిన బిళ్లలు, స్టెరాయిడ్ ఆగిపోయాక కూడా అదే మోతాదులో వేసుకుంటుంటే షుగరు పడిపోతుంది. అందులోనూ అన్నం తినని మనిషి. 70 కంటే తక్కువ ఉంటే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు పట్టి బయల్దేరండి. డాక్టరు చూసేదాకా ఈ పూట షుగరు బిళ్ల, బీపీ బిళ్ల రెండూ వేయకండి. 90/60 ఉన్న మనిషికి బీపీ తగ్గించే బిళ్ల అక్కర్లేదు.

ఇక్కడిదాకా చదివి బయల్దేరండి. మిగతాది దారిలోనో, ఆమె కుదుటపడ్డాకో చదువుకోవచ్చు.

అసలు ఏం జరిగింది?

రెండు కిడ్నీల మీద టోపీ పెట్టినట్టు చెరొక చిన్న గ్రంథి ఉంటుంది, అడ్రినల్ గ్రంథి అంటారు. ఒక్కోటి నాలుగైదు గ్రాముల బరువు. కార్టిసాల్ తయారయ్యేది అక్కడే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజు మొత్తానికి దాదాపు 10 మిల్లీగ్రాములు సరిపోతుంది. తెల్లవారుజామున పెరగడం మొదలై, మనం లేచే వేళకి పైకి చేరి, అర్ధరాత్రికి అడుగుకి దిగుతుంది. రాత్రంతా ఏమీ తినకపోయినా షుగరు పడిపోకుండా లివర్‌తో గ్లూకోజు చేయించేది ఇదే. రక్తనాళాలు బిగువుగా ఉండి బీపీ నిలబడటానికీ ఇది కావాలి. వాపుని, నొప్పిని అదుపులో పెట్టేదీ ఇదే. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా గ్రంథి ఎన్నో రెట్లు ఎక్కువ పోస్తుంది.

ఎంత పోయాలో గ్రంథికి సొంతంగా తెలియదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే కబురు పంపితే పోస్తుంది. రక్తంలో కార్టిసాల్ చాలినంత ఉందని తెలిస్తే పిట్యూటరీ కబురు ఆపేస్తుంది.

మీ మేడ మీద నీళ్ల ట్యాంకులో ఫ్లోటు ఉంటుంది కదా. నీళ్లు తగ్గితే మోటారు ఆన్ అవుతుంది, నిండితే ఆగుతుంది. ఇప్పుడు ఎవరో రోజూ ట్యాంకరు తెచ్చి ఆ ట్యాంకు నింపి పోతున్నారనుకోండి. ఫ్లోటు ఎప్పుడూ పైనే ఉంటుంది, మోటారు ఆన్ అయ్యే అవసరమే రాదు. మూడేళ్లు అలా గడిస్తే మోటారు పట్టేస్తుంది. ఒకరోజు మీరు ట్యాంకరు వద్దన్నారు. మంచి ఉద్దేశంతోనే వద్దన్నారు. ట్యాంకు ఖాళీ అయ్యింది, స్విచ్ పడింది, కానీ మోటారు తిరగట్లేదు. మీ అమ్మగారు ఇప్పుడున్నది ఆ స్థితిలోనే. ఏసీటీహెచ్ కబురు ఏళ్ల తరబడి అందకపోతే అడ్రినల్ గ్రంథి నిజంగానే చిక్కిపోతుంది.

మోతాదు లెక్క కూడా చెబుతాను, అప్పుడు తీవ్రత తెలుస్తుంది. స్టెరాయిడ్ బిళ్లల్లో ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాములైనా, డెక్సామెథసోన్ ముప్పావు మిల్లీగ్రామైనా, హైడ్రోకార్టిజోన్ 20 మిల్లీగ్రాములకు సమానం. డెక్సామెథసోన్ అర మిల్లీగ్రాము బిళ్లలు రోజుకి రెండు వేసుకుంటే చాలు, ఒంటికి కావాల్సినదానికంటే ఎక్కువే పడుతుంది. పైగా దాని పని ఒకటిన్నర రోజు దాటి ఉంటుంది. అర్ధరాత్రి కూడా ఫ్లోటు కిందికి దిగదు. తెల్లవారుజామున పిట్యూటరీ పంపాల్సిన కబురు ఒక్క రోజు కూడా వెళ్లదు.

ముఖం ఉబ్బడం, షుగరు, బీపీ ఇవన్నీ ఆ పొట్లం వల్లేనా?

చాలావరకు అవును. నేను జిల్లా కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఒక మనిషి గురించి చెబుతాను, మీ అమ్మగారిని చూసినట్టే ఉంటుంది.

మిరపకాయ కోతలకి వెళ్లే ఆవిడ, యాభై దాటిన వయసు. కోడలు వెంటబెట్టుకొచ్చింది. "మా అత్తమ్మ ఈ మధ్య ఒళ్లు చేసింది సార్, మొహం నిండింది, అందరూ బాగున్నావంటున్నారు, కానీ కాళ్లలో సత్తువ లేదంటోంది" అని చెప్పింది. ముఖం నిజంగానే పున్నమి చంద్రుడిలా గుండ్రంగా, ఎర్రగా ఉంది. మెడ వెనక కొవ్వు గడ్డ కట్టినట్టుంది. చేతులూ కాళ్లూ మాత్రం పుల్లలు. బీపీ చూసి పట్టీ విప్పితే, అది ఉన్నచోట చర్మం కింద ఊదారంగు మచ్చ తేలింది. అంత పల్చబడిపోయింది చర్మం. పొట్ట మీద వేలెడంత వెడల్పున వంకాయ రంగు చారలు. నేల మీద గొంతుక్కూర్చుని చేతులు ఆనించకుండా లేవమన్నాను. రెండుసార్లు ప్రయత్నించి కోడలి భుజం పట్టుకుంది.

పొట్లం తెమ్మన్నాను. కాగితంలో మూడు రకాల బిళ్లలు, స్ట్రిప్ లేదు, పేరు లేదు. ఒకటి చిన్న తెల్ల బిళ్ల. "ఆ చిన్నదాంతోనే నొప్పి పోతుంది సార్, అది లేని రోజు పొలానికి పోలేను" అంది. ఉదయం ఎనిమిది గంటలకి తీసిన రక్తంలో కార్టిసాల్ దాదాపు లేదు. స్టెరాయిడ్ ఎక్కువైన లక్షణాలన్నీ పైకి కనబడుతూ, రక్తంలో సొంత కార్టిసాల్ సున్నాకి దగ్గరగా ఉందంటే, బయటినుంచి స్టెరాయిడ్ లోపలికి వెళ్తోందని అర్థం.

కార్టిసాల్ పని ఆపద సమయంలో ఒంటిని నిలబెట్టడం. కండలోని ప్రొటీన్ కరిగించి, లివర్‌లో గ్లూకోజుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ఆపద రెండు రోజులుండి పోతే అది మేలు. మూడేళ్లపాటు ప్రతి రోజూ ఆపదే అన్నట్టు ఒంటికి చెబుతుంటే, తొడ కండ కరిగిపోతుంది, షుగరు పెరుగుతుంది, కొవ్వు చేతులూ కాళ్లూ వదిలి ముఖానికి, మెడకి, పొట్టకి చేరుతుంది, చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ తగ్గుతుంది, ఎముక గుల్లబారుతుంది. బలం వచ్చిందనుకున్న మనిషి నిజానికి లోపల కరిగిపోతూ ఉంటుంది.

మరి నొప్పి ఎందుకు తగ్గింది? నిజంగానే తగ్గింది కాబట్టే జనం వాడుతున్నారు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతంతో కదలలేకపోయిన ఒక యువతికి మొదటిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, కొన్ని రోజులకే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కి, కెండాల్, రైక్‌స్టైన్‌లతో కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ ఆనందం ఇంకా తగ్గకముందే ముఖాలు ఉబ్బడం, ఎముకలు విరగడం కనబడ్డాయి. 1952లో ఇంకో దారుణం పత్రికకెక్కింది. నెలల తరబడి కార్టిజోన్ వాడిన కీళ్లవాతం రోగి, ఆపరేషన్ అయ్యాక బీపీ పడిపోయి చనిపోయాడు. శవపరీక్షలో అడ్రినల్ గ్రంథులు చిక్కిపోయి కనిపించాయి. స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపకూడదని వైద్యలోకానికి తెలిసి డెబ్బై ఏళ్లు దాటింది. మన ఊళ్లలో పొట్లం చేతిలో పెట్టేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేరు. నాకు బాధ కలిగించేది అదే. కూలికి వెళ్లకపోతే పూట గడవని మనిషి రెండో రోజుకే నడిపించే బిళ్ల వేసుకుంది, ఆమెను తప్పుపట్టలేను. పేరు లేని బిళ్ల ఇచ్చినవాళ్లను మాత్రం పడతాను. ఈ మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టమే ఉంది.

ఇప్పుడు ముందున్న దారి

ఇంజెక్షన్లతో గట్టెక్కాక, ఒకట్రెండు రోజుల్లో ఆమె లేచి కూర్చుని ఆకలంటారు. ఆ మార్పు చూసి మీరే ఆశ్చర్యపోతారు. తర్వాత నోటి బిళ్లలకి మారుస్తారు. సాధారణంగా హైడ్రోకార్టిజోన్ రోజుకి 15 నుంచి 25 మిల్లీగ్రాములు విడతలుగా, లేదా ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాములకు అటూ ఇటూ పొద్దున్నే ఒకసారి. "మళ్లీ స్టెరాయిడేనా?" అని భయపడకండి. పొట్లంలో వెళ్లింది ఒంటికి మించిన మోతాదు. ఇప్పుడిచ్చేది ఒంటికి రోజూ కావాల్సినంతే. పట్టేసిన మోటారు బాగయ్యేదాకా ఇంటికి కావాల్సిన నాలుగు బిందెలు మోసుకురావడం లాంటిది.

అక్కడినుంచి మోతాదు నెలల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మధ్యమధ్యలో ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య కార్టిసాల్ పరీక్ష చేస్తారు. 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి లేచినట్టే, బిళ్ల ఆపవచ్చు. 5 కంటే తక్కువుంటే ఇంకా నిద్రలోనే ఉంది, కొనసాగించాలి. మధ్యలో ఉంటే కొన్ని వారాలకి మళ్లీ చూస్తారు. ఈ పరీక్షకి ముందు రోజు ఉదయం వేసుకున్న బిళ్ల తర్వాత 24 గంటలు గడవాలి, ఆరోజు బిళ్ల రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ప్రెడ్నిసోలోన్, హైడ్రోకార్టిజోన్ రెండూ పరీక్షలో కార్టిసాల్‌లాగే కనబడి లెక్క తప్పిస్తాయి. ఇది తెలియక, రిపోర్టు బాగుందని బిళ్ల ఆపేసి మళ్లీ ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లున్నారు.

ఎన్నాళ్లు పడుతుంది? మనిషిని బట్టి మారుతుంది. మిరప తోట ఆవిడకి పద్నాలుగు నెలలు పట్టింది. కొందరికి ఆరు నెలల్లో అవుతుంది, కొద్దిమందికి రెండేళ్లయినా కాదు. తగ్గించే ప్రతిసారీ వారం పది రోజులు ఒళ్లునొప్పులు, చిరాకు, దిగులు ఉంటాయి. ఆ నొప్పి చూసే చాలామంది మళ్లీ పొట్లం దగ్గరికి పోతారు. ఆ వారం మీరు ఆమె పక్కన ఉండగలిగితే ఉండండి. లేకపోతే రోజూ ఫోనైనా చేయండి.

ఈ కాలమంతా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. జ్వరం వచ్చినప్పుడు మన గ్రంథి ఎక్కువ పోస్తుందని పైన చెప్పాను కదా, ఆమె గ్రంథి పోయలేదు. కాబట్టి జ్వరం వస్తే బిళ్ల మోతాదు రెండింతలు చేయాలి, తగ్గాక రెండు మూడు రోజులకి మామూలుకి రావాలి. ఎంత, ఎలా అన్నది మీ డాక్టరు చేత ముందే చీటీ మీద రాయించుకోండి. వాంతులైతే బిళ్ల కడుపులో నిలవదు, ఇంజెక్షనే దారి. పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అయినా ఈ సంగతి ముందే చెప్పాలి. "స్టెరాయిడ్ మీద ఉన్నాను, ఆపకూడదు" అని తెలుగులో, ఇంగ్లిషులో రాసిన కార్డు ఆమె పర్సులో, ఫోను కవర్లో పెట్టండి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక పెద్దాయన ఆయాసానికి "అంతా ఆకుపసరే" అని అమ్మిన చూర్ణం ఏడాదిన్నర వాడి, హెర్నియా ఆపరేషన్ ఉందని వారం ముందు మానేశాడు. మూలికల పొడే కదా అని డాక్టర్లకి చెప్పలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రం బీపీ పడిపోయింది, సెలైన్ ఎంత ఎక్కించినా లేవలేదు. నన్ను పిలిచారు. గుండ్రటి ముఖం చూసి, ఊళ్లో ఏదైనా వాడాడా అని కొడుకుని అడిగితే చూర్ణం సంగతి బయటపడింది. హైడ్రోకార్టిజోన్ ఇచ్చిన కొన్ని గంటల్లో బీపీ నిలబడింది. పొడి అయినా, లేహ్యం అయినా, రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తోందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని నేను అనుమానిస్తాను.

షుగరు, బీపీ చాలామందిలో తగ్గుతాయి, కొందరిలో పూర్తిగా పోతాయి. అందుకే ఆ బిళ్లల మోతాదు ప్రతి నెలా సరిచూడాలి. ఊదారంగు చారలు తెల్లబడతాయి. తొడల సత్తువ నెమ్మదిగా తిరిగొస్తుంది. ఎముకలు, కళ్లు మాత్రం వేరే చూపించాలి. ఎముక సాంద్రతకి డెక్సా స్కాన్, శుక్లాలకి కంటి పరీక్ష చేయించండి. గజ్జల్లో నొప్పి పుట్టి కుంటుతుంటే తుంటి ఎముకకి ఎమ్మారై తీయించాలి, స్టెరాయిడ్ వల్ల అక్కడ రక్తం ఆడక ఎముక చచ్చుబడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే టీబీ పరీక్ష తప్పదు.

డాక్టరు రాసిన స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లెవరైనా ఇది చదివి మీ బిళ్లలు ఆపేయకండి. ఆస్తమాకి, లూపస్‌కి, పిల్లల కిడ్నీ జబ్బుకి స్టెరాయిడ్ ప్రాణం కాపాడుతుంది. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి డెక్సామెథసోన్ రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు ఇచ్చి ఎంతోమందిని బతికించుకున్నాం. ఏ జబ్బుకి, ఎంత, ఎన్నాళ్లు అని తెలిసి ఇచ్చిన మందు వేరు, పేరు లేని పొట్లం వేరు. మూడు వారాలలోపు వాడినవాళ్లకి ఆపితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇన్‌హేలర్‌తో లోపలికి వెళ్లేది బిళ్లతో పోలిస్తే చాలా తక్కువ. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు పొడిపించుకునే కుర్రాళ్లకీ జరిగేది ఇదే కథ, బయటినుంచి హార్మోన్ వస్తుంటే వృషణాలు పని మానేస్తాయి. పెళ్లయ్యాక పిల్లలు పుట్టట్లేదని వస్తే, వీర్యపరీక్షలో కణం ఒక్కటి కూడా కనబడదు.

చివరికి మిగిలేది ఆ మోకాళ్లే. అరుగుదల నొప్పికి బరువు కొంత తగ్గించడం, కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టే వ్యాయామం పూటకి పదిసార్లు, నేల మీద కూర్చునే పనులు తగ్గించడం, వెస్టర్న్ కమోడ్, నొప్పున్నప్పుడు పారాసెటమాల్, పైన రాసే జెల్ బాగానే పనిచేస్తాయి. పొట్లంలాగా రెండు రోజుల్లో కాదు, రెండు మూడు నెలల్లో. చూర్ణమైనా, బిళ్లైనా ఇంట్లో ఇంకా మిగిలి ఉంటే పారేయకుండా సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి, డాక్టరు చూడాలి. బండి దొరకకపోతే 108కి చేయండి. సోడియం, షుగరు, ఉదయం కార్టిసాల్ రిపోర్టులు వచ్చాక ఆ అంకెలు రాయండి, చూసి చెబుతాను.